అల్లుడూ, చేయని హోంవర్క్ గురించి కూడా చెప్పు

అల్లుడూ,

ఒంగోలులో డాక్టరు గారు నీకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య ఉందని తేల్చి, మాత్రలు రాసి, సైకాలజిస్ట్ దగ్గరకు కూడా వెళ్ళమన్నారని అక్కయ్య చెప్పింది. మాత్రలైతే వేసుకుంటా గానీ వారం వారం ఎవరి ముందో కూర్చుని మాట్లాడితే నాకు ఒరిగేదేముంది అన్నావంట. మా అబ్బాయికి, అదే మీ బావకి, ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఇదే బయటపడింది, వాడి థెరపీ ఎలా నడిచిందో కావలిలో మా ఇంట్లోనే దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఓపిగ్గా చదువు. ఒక్కసారిగా చదవలేకపోతే రెండు మూడు విడతల్లో చదువు, ఏం పర్లేదు.

అది కష్టసుఖాలు చెప్పుకుని కళ్ళు తుడుచుకుని వచ్చే వ్యవహారం కాదు. మాత్ర పనిచేసే కొన్ని గంటలు మనసు నిలబడుతుంది, నిజమే. కానీ సింగరాయకొండ రొయ్యల రైతు ఫోను ముందు ఎత్తాలా, కంపెనీకి నెలాఖరు రిపోర్టు ముందు పంపాలా అనేది మాత్ర చెప్పదు కదా. చిన్నప్పట్నుంచి వీడికి ఒళ్ళు బద్ధకం, చెప్పింది చెవిన వేసుకోడు అని విని విని, నేనింతే అని నీ లోపల పాతుకుపోయిన మాట ఒకటుంది చూడు, అది కూడా మాత్రతో పోదు. ఈ రెండింటి మీదా పనిచేసేది థెరపీ. పెద్దవాళ్ళకి ఎక్కువగా చేసేది సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వాళ్ళు, మాత్రలు వాడుతున్నా ఇంకా ఇబ్బంది పడుతున్న 86 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి 12 సెషన్ల సీబీటీ, ఇంకో జట్టుకి రిలాక్సేషన్ నేర్పి చూశారు. 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సీబీటీ చేసినవాళ్ళే ఎక్కువ కుదుటపడ్డారు, అలా కుదుటపడ్డవాళ్ళు ఏడాది తర్వాత చూసినా జారిపోలేదు.

మీ బావకి ఏం నేర్పారో చెప్తా. ముందు, చీటీల మీదా, అరచేతి మీదా, ఫోన్లో నాలుగు చోట్లా రాసుకోవడం మాన్పించి అన్నీ ఒక్క నోటు పుస్తకంలోకి తెచ్చారు. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయాలి అని రాసుకున్నన్నాళ్ళూ వాడు దాని జోలికి పోలేదు, అదే మాటని ల్యాప్‌టాప్ తెరిచి ఫైలుకి పేరు పెట్టు అని మార్పించాక కూర్చున్నాడు. తర్వాత వాడు నిలకడగా ఎంతసేపు కూర్చోగలడో కొలిస్తే పది పన్నెండు నిమిషాలు తేలింది, అంతకే టైమర్ పెట్టుకోమన్నారు. పక్కన ఒక తెల్లకాగితం. మధ్యలో ఏం గుర్తొచ్చినా లేచిపోకుండా దాని మీద రాసి మళ్ళీ పనిలోకి రావాలి, టైమర్ మోగాక ఆ కాగితం చూసుకోవాలి. ఒకరోజు ఆ కాగితం నేను చూశా: అమ్మకి గ్యాస్ బుక్ చేయాలి, చార్జర్ ఎక్కడ పెట్టా, ఒంటె ఎన్ని రోజులు నీళ్ళు లేకుండా ఉంటుంది. అందులో అప్పటికప్పుడు చేయాల్సింది గ్యాస్ ఒక్కటే. మూడుసార్లు లేవాల్సినవాడు ఒక్కసారి కూడా లేవలేదు.

నీకైతే టైము లెక్క కూడా నేర్పాలి. కొత్తపట్నం చెరువుల దాకా వెళ్ళి గంటలో వచ్చేస్తా అంటావు, భోజనం వేళ దాటాక వస్తావు. ఎంత పడుతుందనుకున్నావో, ఎంత పట్టిందో రెండూ పక్కపక్కన రాయిస్తారు, కొన్నాళ్ళు రాస్తే నీ అంచనా నీకే సర్దుకుంటుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్నది. మూడోసారో నాలుగోసారో వెళ్ళే ముందు చూసుకుంటే వాళ్ళు ఇంటి దగ్గర చేయమన్న హోంవర్క్ చేసి ఉండవు, పుస్తకం ఎక్కడో పడేసి ఉంటావు. మొహం చెల్లక, రొయ్యల పని ఉందని ఫోన్ చేసి ఆ వారం ఎగ్గొడతావు, పై వారం ఇంకా సిగ్గు, అంతటితో సరి. ఈ జబ్బున్న పిల్లలు మధ్యలో మానేయడం నేను ఎక్కువగా ఇక్కడే చూశా. వెళ్ళు. ఏమీ చేయలేదని చెప్పు. రైతు చెక్ ట్రేలో, అదే రొయ్యలు ఎంత తిన్నాయో చూసే పళ్ళెంలో, మేత మిగిలిపోతున్న సంగతి నీ దగ్గర దాచిపెడితే ఎంత తగ్గించాలో నువ్వెలా చెప్తావు? ఇదీ అంతే. మీ బావ ఒకసారి వారమంతా పుస్తకం ముట్టుకోకుండా వెళితే ఆ సైకాలజిస్ట్ ఆవిడ ఒక్క మాట అనలేదు. గంటసేపూ దాని మీదే కూర్చుని, పుస్తకం ఎక్కడుంది, పొద్దున లేవగానే నీ చెయ్యి దేని మీదకి పోతుంది అని అడిగి అడిగి, బీరువాలోని బ్యాగులో ఉండే ఆ పుస్తకాన్ని బైక్ తాళం తగిలించే మేకుకి దారం కట్టి వేలాడదీయించింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మనిషిని ఎంచుకోవడంలో మొహమాటపడొద్దు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ ఉండాలి, ఉందా అని అడుగు, పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీ చూశారా అని కూడా అడుగు. నాలుగు సార్లు వెళ్ళినా పాజిటివ్‌గా ఉండండి, ధ్యానం చేయండి అని పంపేస్తుంటే మనిషిని మార్చు, థెరపీని మానకు. ఏడీహెచ్‌డీ లక్షణాలు 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, అందుకని చిన్నప్పటి సంగతులు అడుగుతారు, అక్కయ్య దగ్గర నీ స్కూలు ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్ళు. బాగుంది కదా అని మాత్రలు నీ అంతట నువ్వు ఆపొద్దు, డాక్టరునే అడుగు. డబ్బు ఇబ్బందైతే నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. రాత్రిపూట మరీ టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అమ్మాయిని, అదే మీ ఆవిడని, ఒక సెషన్‌కి తీసుకెళ్ళు. నువ్వు కావాలని మర్చిపోవట్లేదని ఆ పిల్ల వాళ్ళ నోట వినాలి. మీ చిన్నోడికీ ఇదే వస్తుందేమోనని అక్కయ్య బెంగ పడుతోంది. ఇది కుటుంబాల్లో నడిచే మాట నిజమే, కానీ వాడికింకా ఐదేళ్ళే, ఒకవేళ ఉన్నా ఆరేళ్ళ లోపు పిల్లలకి మాత్రల కంటే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు, పిల్లాడితో ఎలా మెలగాలో మీకే నేర్పుతారు. ఇప్పుడే కంగారు పడొద్దని చెప్పు.

ఈ ఉత్తరం చదవడం అయ్యాక ఫోన్ పక్కన పెట్టకుండా అపాయింట్‌మెంట్ తీసుకో. తేదీ, టైము అమ్మాయికీ నాకూ ఇద్దరికీ వాట్సాప్ పెట్టు. ముందురోజు రాత్రి నేను ఫోన్ చేస్తా.

మీ మావయ్య