ప్రజలు సొంతంగా కట్టుకున్న ఆసుపత్రి నిలబడుతుందా? దల్లీ రాజ్‌హరా సంగతి

విదేశాల్లో ఉన్న మీ ఊరివారు పంపే చందాలతో ఆసుపత్రి కడితే అది చివరిదాకా ఊరిదిగానే ఉంటుందా, అలాంటిది ఎక్కడైనా నిలబడిందా అని మీరు అడిగారు. ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజ్‌హరాలో గని కార్మికులు కట్టుకున్న షహీద్ ఆసుపత్రి నిలబడింది. మా నాన్నగారు భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనిచేయడం వల్ల, అక్కడి ఎన్నో తెలుగు కుటుంబాల్లాగే మేమూ భిలాయ్‌లోనే పెరిగాం. ఆ కర్మాగారానికి ఇనుప ఖనిజం వచ్చేది దల్లీ రాజ్‌హరా కొండల నుంచే కాబట్టి ఈ ఆసుపత్రి మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

గనుల్లోని కాంట్రాక్టు కూలీలు 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్‌ను ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏడాది జూన్ 2, 3 తేదీల్లో జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. కొన్నేళ్లకు సంఘం ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి కాన్పు సమయంలో సరైన వైద్యం అందక మరణించడంతో, మన ఆసుపత్రి మనమే కట్టుకోవాలన్న పట్టుదల కార్మికుల్లో బలపడింది. బినాయక్ సేన్, ఆశిష్ కుండు వంటి యువ వైద్యులు వచ్చి చేరగా 1982 జనవరి 26న చిన్న డిస్పెన్సరీ మొదలైంది. కార్మికుల చందాలతో, శ్రమదానంతో లేచిన ఆసుపత్రి భవనాన్ని 1983 జూన్ 3న, అంటే కాల్పుల మృతుల సంస్మరణ దినాన, ఒక వృద్ధ గని కార్మికుడు, ఒక వృద్ధ రైతు కలిసి ప్రారంభించారు. మంత్రిని పిలవాలన్న ఆలోచనే వారికి రాలేదనుకుంటాను! మొదట్లో ఉన్నవి 15 పడకలు మాత్రమే.

మీ ప్రశ్నకు అసలు సమాధానం ఈ తర్వాతి భాగంలో ఉంది. బయటి సంస్థలు ఇవ్వజూపిన విరాళాలను వారు తీసుకోలేదు. రోజువారీ ఖర్చు రోగులు చెల్లించే స్వల్ప రుసుముతో వెళ్లాలని, విస్తరణకు కావలసిన డబ్బు కార్మికులే వేసుకోవాలని నిర్ణయించుకున్నారు. గనిలో పనిచేసే కార్మికులే శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు; ఏ నిర్ణయమైనా వైద్యులు, కార్యకర్తలు, సంఘం ప్రతినిధులు కలిసి కూర్చుని చేసేవారు. అనవసరమైన మందులు, ఇంజెక్షన్లు, టానిక్కులు రాయకపోవడం కూడా అలా కూర్చుని అనుకున్న పద్ధతే. రాజ్‌హరాలో ఉండే మా బాబాయి విరేచనాలతో నీరసించినప్పుడు నేను తోడు వెళ్లాను. గ్లూకోజు సీసా ఎక్కిస్తే గానీ వైద్యం చేసినట్టు కాదని ఆయన నమ్మకం. అక్కడి కార్యకర్త మాత్రం చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు ఎలా తయారుచేసుకోవాలో ఓపికగా చూపించి, అవి తాగుతూ ఉండమన్నాడు. బాబాయి కోలుకున్నారు కానీ, సీసా పెట్టలేదన్న అసంతృప్తి ఆయనకు చాలాకాలం పోలేదు.

నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు. నాయకుడు పోయినా ఆసుపత్రి ఆగలేదు, పైగా పెరిగింది. నా దృష్టిలో అంతకంటే కఠినమైన పరీక్ష యంత్రాలతో వచ్చింది. గనుల్లో యాంత్రీకరణ పెరిగేకొద్దీ కార్మికుల సంఖ్య తగ్గింది. అంటే చందాలు వేసి కట్టినవారు తగ్గిపోతూ ఉంటే, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆదివాసులు, రైతులు రోగుల్లో ఎక్కువయ్యారు. తక్కువ జీతానికి దశాబ్దాల తరబడి ఉండిపోయిన సైబల్ జానా వంటి కొద్దిమంది వైద్యుల మీద భారమంతా పడడం ఈ నమూనాలోని పెద్ద బలహీనత అని నేను అనుకుంటాను.

అందుకే మీరు భవనానికి ఎంత వసూలవుతుందన్న లెక్క కంటే ముందు, నెలనెలా అయ్యే ఖర్చు ఊళ్లోనే పుడుతుందా, డబ్బు పంపినవారికీ ఊళ్లో ఉండి వైద్యం చేయించుకునేవారికీ కమిటీలో ఎవరి మాట చెల్లుతుంది అన్న రెండు విషయాలు కాగితం మీద రాసుకోండి. వైద్యుణ్ణి వెతకడం కూడా స్థలం కొనడానికి ముందే మొదలుపెట్టండి.