చదును డాబాపై సోలార్ ప్యానెళ్లు ఎటు తిరగాలి?

ప్రశ్న: మా డాబా పూర్తిగా చదునుగా ఉంది. ప్యానెళ్లన్నీ దక్షిణానికే తిప్పాలని ఒక ఇన్‌స్టాలర్, సగం తూర్పుకు, సగం పడమరకు పెట్టడం మేలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందుగా మీకు కొరతగా ఉన్నది ప్యానెళ్లా, డాబా మీది చోటా అన్నది తేల్చుకోండి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవారికి దక్షిణ ముఖంగా, దాదాపు ఆ ప్రాంతపు అక్షాంశమంత వాలుతో అమర్చిన ప్యానెల్ ఏడాది మొత్తం మీద ఎక్కువ విద్యుత్తును ఇస్తుంది. అందువల్ల చోటు పుష్కలంగా ఉండి, కొనే ప్యానెళ్లు కొన్నే అయితే మొదటివారి సలహాయే సరైనది.

చోటు తక్కువైతే లెక్క మారుతుంది. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 26.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 2 మీటర్ల పొడవున్న ప్యానెల్‌ను 30 డిగ్రీల వాలులో నిలబెడితే దాని పై అంచు ఒక మీటరు ఎత్తుకు లేచి, వెనుక 2 మీటర్ల నీడ పడుతుంది. ఉదయం, సాయంత్రం ఆ నీడ ఇంకా సాగుతుంది. ఆ మేరకు వరుసల మధ్య డాబా ఖాళీగా వదలాలి. తూర్పు పడమరలకు 10 డిగ్రీల వాలుతో, పై అంచులు కలిసేలా జతలుగా పెడితే అంత ఎడం అక్కరలేదు. ఒక్కో ప్యానెల్ ఉత్పత్తి కొంత తగ్గినా, అదే చోటులో ఎక్కువ ప్యానెళ్లు పట్టడంతో డాబా మొత్తం ఇచ్చేది పెరగవచ్చు. గాలి తాకిడి కూడా తక్కువగా ఉంటుంది. 10 డిగ్రీల కన్నా వాలు తగ్గించడం నాకు నచ్చదు, వాననీరు సరిగా జారక కింది అంచున మట్టి పేరుకుంటుంది.

భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట ఇంత తక్కువ వాలులో దిశల మధ్య తేడా స్వల్పమే కనుక, మీ వాడకం ఏ వేళల్లో ఎక్కువో చూసి నిర్ణయించుకోవచ్చు. దక్షిణపు అమరిక మధ్యాహ్నం ఎక్కువ ఇస్తే, తూర్పు పడమరల అమరిక ఉత్పత్తిని ఉదయం, సాయంత్రాలకు కూడా పంచుతుంది.

రెండో పద్ధతినే ఎంచుకుంటే, తూర్పు ప్యానెళ్లను, పడమర ప్యానెళ్లను ఒకే సిరీస్‌లో కలపనివ్వకండి. వెలుగు తక్కువగా పడేవి మిగతావాటి కరెంటును కూడా కిందికి లాగుతాయి కాబట్టి, వాటిని ఇన్వర్టర్‌లో వేర్వేరు ఎంపీపీటీ (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ విద్యుత్తును రాబట్టే ఏర్పాటు) ఇన్‌పుట్లకు కలపాలి.