కంటిచూపుతో కంప్యూటర్ నడిపే పని... కెరీర్ అవుతుందా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామకు ఏఎల్ఎస్, అంటే కండరాలను నడిపే నరాలు దెబ్బతినే జబ్బు. చేతులు పడిపోయాయి, మాట పోయింది, కళ్లు మాత్రం కదుపుతాడు. కంటిచూపుతో కంప్యూటర్ వాడే టెక్నాలజీలో పని చేయాలనుంది. నాన్నగారేమో అందులో ఉద్యోగాలుండవు, జావా కోచింగ్‌లో చేరమంటున్నారు.

జవాబు: జావా నేర్చుకో అమ్మా, కానీ దానికోసం ఇది వదలకు. ఐ ట్రాకింగ్, అంటే చూపును పట్టే టెక్నాలజీ, అనే పేరుతో మన దగ్గర ఉద్యోగాలు తక్కువే, నాన్నగారి భయంలో నిజముంది. అయితే ఐ ట్రాకింగ్ పరికరం చేసేదేమిటి? కంటి మీద ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసి, కార్నియా మీద మెరిసే చుక్క కంటిపాపకు ఎటువైపు ఎంత దూరంలో ఉందో కెమెరాతో పట్టి, చూపు తెర మీద ఎక్కడుందో లెక్కకడుతుంది. అంటే ఇమేజ్ ప్రాసెసింగ్, ఎంబెడెడ్ (పరికరం లోపలి చిన్న కంప్యూటర్ల పని). కారులో డ్రైవర్ కునుకు తీస్తే హెచ్చరించే సిస్టమ్‌లకూ, వీఆర్ హెడ్‌సెట్లకూ కావలసింది ఈ పనే. నాన్నగారికి ఇదే చెప్పు.

ఇక ప్రాజెక్టు. పరికరం కొత్తగా తయారు చేస్తూ కూర్చోకు. స్వీడన్ కంపెనీ టోబీ 2001 నుంచి అదే పనిలో ఉంది, విండోస్ 10లో 2017లోనే ఐ కంట్రోల్ వచ్చింది, 2024లో ఐఓఎస్ 18తో ఐఫోన్ కూడా ముందు కెమెరాతోనే చూపును పట్టుకుంటోంది. నువ్వు చేయాల్సింది తెలుగు వైపు ఉంది. చూసినదల్లా క్లిక్ అయిపోకుండా ప్రతి మీట మీదా చూపు కాసేపు నిలపాలి కదా, మామయ్య 'మంచినీళ్లు' అని టైప్ చేయాలంటే మామూలు తెలుగు కీబోర్డులో సున్నా, గుడులు, ళకారం, పొల్లు, కింద లకారం, కొమ్ము అన్నీ కలిపి పది మీటలు. ఒక్కోదాని మీద ఒక సెకను అనుకున్నా పది సెకన్లు, మీటను వెతుక్కునే టైమ్ కాకుండా! గుణింతం మొత్తం ఒక్క చూపుకు విచ్చుకునేలా, తర్వాతి మాట ముందే ఊహించేలా కీబోర్డు చేయి. కంటిచూపుతో టైప్ చేసే కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఆప్టికీ ఉచితం, కోడ్ కూడా ఓపెన్, అక్కడ మొదలుపెట్టు. ముందు మామయ్య పక్కన కూర్చో. 'పక్కకి తిప్పండి', 'లైటు కళ్లలో పడుతోంది' లాంటి ఏ మాటలు ఒకే మీటకు రావాలో, చూపు ఎంతసేపు నిలపగలడో ఆయనే తేల్చాలి.

పైచదువు ఆలోచన ఉంటే బెంగళూరు ఐఐఎస్‌సీ డిజైన్ విభాగంలోని ఐ3డీ ల్యాబ్ చూడు, తీవ్రమైన శారీరక వైకల్యమున్న పిల్లలతో కంటిచూపు మీద పని చేసినవాళ్లు. అక్కడి ఎం.డిజైన్‌కు సీడ్ (డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష) లేదా గేట్ రాయాలి. గేట్‌కు ఎలాగూ చదువుతావు కాబట్టి సీడ్‌కు డ్రాయింగ్ ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు.