జీతం లేని ఆరు నెలలు మా అమ్మాయికి అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. జర్మనీలో అర్బన్ ప్లానింగ్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఇంకో సెమిస్టర్, థీసిస్ మిగిలాయి. యూరప్ నగరాల మధ్య సహకారం గురించి ప్రజల అభిప్రాయాలు సేకరించే పనికి ఆరు నెలలు వాలంటీరుగా వెళ్తానంటోంది. జీతం ఉండదట. ఇక్కడ ఎడ్యుకేషన్ లోన్ నెత్తిమీద ఉంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. లోన్ సంగతికి వస్తాను. ముందు ఆ పని ఎలాంటిదో చూద్దాం.

రైన్ నదికి ఒక ఒడ్డున జర్మనీలోని కేల్, రెండో ఒడ్డున ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. 2017 నుంచి ట్రామ్ నది దాటి ఈ రెండు ఊళ్లనూ కలుపుతోంది. ఒక ఊళ్లో ఇల్లు, రెండో ఊళ్లో ఉద్యోగం ఉన్నవాళ్లున్నారు. మనుషులు దాటినంత తేలిగ్గా వైద్య బీమా, పన్నులు, సర్టిఫికెట్లు సరిహద్దు దాటవు. ఇలాంటి చిక్కుల మీద పనిచేయడానికే 1990లో ఇంటర్‌రెగ్ అనే యూరోపియన్ యూనియన్ కార్యక్రమం మొదలైంది. నగరాలు ఒకదాని నుంచి ఒకటి నేర్చుకోవడానికి 2002 నుంచి అర్బాక్ట్ అనే కార్యక్రమం నడుస్తోంది. ఈ రెండు కార్యక్రమాల ప్రస్తుత విడత 2027తో ముగుస్తుంది. తర్వాతి విడత ఎలా ఉండాలో ప్రజలను అడిగి తెలుసుకుంటారు.

మన దగ్గర మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు, సూచనలు పంపమని పేపర్లో ప్రకటన వస్తుంది కదా, దాన్ని ఎంతమంది చదువుతారు? అక్కడా అదే సమస్య. అందుకే ప్రశ్నలను మామూలు మాటల్లోకి మార్చి, మార్కెట్లోనో కాలేజీలోనో జనంతో కూర్చుని, వాళ్లు చెప్పింది రాసుకుని, అధికారులకు అందేలా క్రోడీకరించే మనుషులు కావాలి. ప్లానింగ్ చదివినవాళ్లు మ్యాపులు బాగా గీస్తారు. బస్టాపు దూరమైందని ఒక పెద్దావిడ పావుగంట చెప్పిన బాధను, అధికారి పక్కన పెట్టలేని రెండు వాక్యాల్లో రాయగలిగేవాళ్లు తక్కువ. ఆ విద్య క్లాసురూములో రాదు. అందుకే మీ అమ్మాయి కోరిక మంచిదంటాను.

అయితే ఆరు నెలలు వద్దు. యువతను వాలంటీర్లుగా పంపే యూరోపియన్ యూనియన్ కార్యక్రమం యూరోపియన్ సాలిడారిటీ కోర్. దాని కింద 18 నుంచి 30 ఏళ్లవాళ్లను ఇంటర్‌రెగ్ పనులకు పంపే పథకంలో రెండు నెలల అవకాశాలూ ఉంటాయి. థీసిస్‌కు ముందే రెండు, మూడు నెలలు చేసి, ప్రొఫెసర్ ఒప్పుకుంటే అదే అంశం మీద థీసిస్ రాయమనండి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలలు ఇస్తుంది. అందులో మూడో వంతు దీనికి ఖర్చు పెట్టకూడదు.

వీసా విషయంలో మాత్రం ఏమాత్రం అజాగ్రత్త పనికిరాదు. సాలిడారిటీ కోర్‌లో యూరోపియన్ యూనియన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న విదేశీయులకూ చోటుంది. అలాగని జర్మనీ స్టూడెంట్ పర్మిట్‌తో ఇంకో దేశంలో నెలల తరబడి పనిచేయడం కుదరదు. జర్మనీలోనే చోటు చూసుకుని, సంతకం పెట్టే ముందు అక్కడి విదేశీయుల కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోమనండి. జర్మన్ భాష ఎంత వచ్చో కూడా అడగండి. మార్కెట్లో పెద్దవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడి అభిప్రాయాలు రాబట్టలేం.

పనికి చేరేముందే తన పని ఏమిటో కచ్చితంగా తెలుసుకోవాలి. ఫొటోలు తీసి సోషల్ మీడియాలో పెట్టడమే అయితే వదిలేయమనండి. నివేదికలో ఒక భాగమైనా తను రాసేలా ముందే మాట్లాడుకోవాలి. చివర్లో యూత్‌పాస్ సర్టిఫికెట్ ఇస్తారు గానీ, ఇంటర్వ్యూలో చూపించడానికి ఆ నివేదికే బలం. ఇండియాకు తిరిగొచ్చినా అది పనికొస్తుంది. ఫ్రెంచ్ అభివృద్ధి సంస్థ, యూరోపియన్ యూనియన్ నిధులతో 12 భారతీయ నగరాల్లో నడిచిన సిటీస్ (CITIIS) అనే పట్టణాభివృద్ధి కార్యక్రమంలో విశాఖపట్నం, అమరావతి కూడా ఉన్నాయి.

ఇక లోన్. వసతి, భోజనం, ప్రయాణం, బీమా, కొంత చేతిఖర్చు పథకమే చూసుకుంటుంది కాబట్టి మీరు కొత్తగా డబ్బు పంపే అవసరం పెద్దగా రాదు. చదువు ముగిశాక ఈఎంఐ ఏ నెలలో మొదలవుతుందో బ్యాంకులో కనుక్కోండి. కోర్సు పొడిగించకుండానే ఈ రెండు, మూడు నెలలు సర్దుబాటవుతాయేమో అమ్మాయిని యూనివర్సిటీలో అడగమనండి. అవుతాయంటే, అమ్మా, పంపండి.