వేళ్లు పోయిన చేతికి మూడు లక్షల రాజీ: సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా ఆయన వయసు 35. చిత్తూరు దగ్గర గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో పని. మొత్తం ఎనిమిది మంది. 2025 ఆగస్టులో స్లాబు దించుతుంటే జారి పడి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మొదలంటా పోయాయి. జీతం రూ.18,000. అందులో 12,000 బ్యాంకులో వేసి, 6,000 చేతికిచ్చేవారు. ఆసుపత్రి బిల్లు 90,000 ఓనరే కట్టాడు. ఇప్పుడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ‘మొత్తం మూడు లక్షలు, బిల్లు పోను 2.10 లక్షలు ఇస్తా, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టు’ అంటున్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నర అప్పు నెత్తిమీద ఉంది. తీసుకోమంటారా?
- ఓ పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దమ్మా. ఆ పేపరు మీద సంతకం పెట్టనివ్వకండి. చట్టప్రకారం మీవారికి రావాల్సింది దాదాపు 7.80 లక్షలు. వైద్యానికి ఓనరు పెట్టిన ఖర్చును అందులోంచి కోయడానికి వీల్లేదు. అది విడిగా అతను భరించాల్సిందే.

మీకు వర్తించేది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, మీ ప్రమాదం అంతకుముందుది. పదిమంది లేరు కాబట్టి ప్రభుత్వ కార్మిక బీమా అయిన ఈఎస్‌ఐ ఉండకపోవచ్చు. అయినా జీతంలో 0.75 శాతం ఈఎస్‌ఐ కోత పడేదేమో చూడండి. పడి ఉంటే దారి వేరు, పరిహారం ఈఎస్‌ఐ నుంచే నెలనెలా వస్తుంది.

ఇక లెక్క. నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 35 ఏళ్లకు ఆ గుణకం 197.06. జీతం ఎంతున్నా లెక్కకు 15,000 దాటి తీసుకోరు, 2020 జనవరి నుంచి పరిమితి అదే. 9,000ను 197.06తో హెచ్చిస్తే రూ.17,73,540. ఇది మనిషి ఇక ఏ పనీ చేయలేని పూర్తి వైకల్యానికి. చట్టంలోని మొదటి షెడ్యూలు బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం, చూపుడువేలికి 14 శాతం అంటుంది. ఒకే ప్రమాదంలో పోయాయి కనుక రెండూ కలుపుతారు. 44 శాతం అంటే రూ.7,80,358.

బ్యాంకులో పడిన 12,000 ఒక్కటే జీతమని ఓనరు వాదించి నెగ్గితే ఇదే లెక్క 6,24,286కు దిగిపోతుంది. లక్షన్నరకు పైగా తేడా. కాకపోతే పరిమితి 15,000 కాబట్టి మీరు ఆరువేలూ రుజువు చేయనక్కర్లేదు, అందులో మూడువేలు నిరూపిస్తే చాలు. అడ్వాన్సులు రాసుకున్న చిన్న నోటుబుక్కు, ఫోన్‌పేలో వచ్చిన చిల్లర మొత్తాలు, పక్కన పనిచేసినవాళ్ల సాక్ష్యం అన్నీ పనికొస్తాయి. వయసు కూడా అంతే. ఆధార్‌లో 40 అని పడి ఉంటే గుణకం 184.17 అవుతుంది, పరిహారం రూ.51,000 తగ్గుతుంది. స్కూలు టీసీ వెతికి పెట్టుకోండి. ప్రమాదం జరిగాక ఆధార్ దిద్దించారో, ఓనరు వకీలుకు మీరే అనుమానం అందించినట్టు.

అన్నిటికంటే ముందు ఆసుపత్రి కేస్‌షీట్ నకలు తీసుకుని మొదటి పేజీ చదవండి. ‘ప్రమాదం ఎలా జరిగింది’ అన్నచోట ఏం రాశారు? ఇలాంటి కేసులు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. చేర్చడానికి తీసుకొచ్చిన యూనిట్ మనిషి ‘ఇంటి దగ్గర బండ మీద పడింది’ అని చెప్పేసి ఉంటాడు. నొప్పితో ఉన్నవాడు అది వినడు. అలా ఉంటే 108 రికార్డు, స్టేషన్లో ఫిర్యాదు, తోటి పనివాళ్ల అఫిడవిట్లతో దాన్ని సరిచేసుకోవాలి. గ్లవ్స్ వేసుకోలేదు, వాడి నిర్లక్ష్యమే అన్న మాటకు మాత్రం బెదరకండి. తాగి ఉండటం, స్పష్టంగా చెప్పిన భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం వంటివి ఓనరు రుజువు చేస్తే తప్ప ఉత్త అజాగ్రత్తకు పరిహారం పోదు.

ఎడమచేయి మోచేతి పైన తెగిన ఒక వడ్రంగికి నూటికి నూరు శాతం నష్టం లెక్కగట్టడాన్ని సుప్రీంకోర్టు 1975లో సమర్థించింది, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కనుక. కుడిచేతికి పట్టు పోయిన స్లాబు పనివాడి తరఫున కూడా అలా వాదించవచ్చు, ఎముకల డాక్టరు సర్టిఫికెట్ గట్టిగా ఉంటే. నా లెక్కలో అది బేరానికి బలమే తప్ప చేతిలో డబ్బు కాదు. 44 శాతాన్ని మాత్రం వదులుకోకండి.

రాజీ తప్పు కాదు. కానీ అది నష్టపరిహార కమిషనర్ దగ్గర, అంటే ఆ హోదా ఉన్న కార్మిక శాఖ అధికారి ముందు నమోదు కావాలి. తక్కువ మొత్తానికి కుదిరిందనిపిస్తే ఆయన నమోదు నిరాకరించవచ్చు. హక్కు వదులుకున్నట్టు స్టాంపు పేపరు మీద రాయించుకున్నా చెల్లదు. ముందుగా ప్రమాదం తేదీ, గాయం, జీతం రాసి ఓనరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. యూనిట్‌కు పనివాళ్ల పాలసీ ఉందా అని అడగండి. ఉంటే పరిహారం కట్టేది బీమా కంపెనీయే. మరి ఓనరుకు తొందరెందుకు అంటారా? ఎనిమిది మంది పనిచేసేచోట నలుగురి పేర్లే పాలసీలో ఉండటం కొత్తేం కాదు, మీవారి పేరు అందులో లేకపోతే భారం అతనిదే. అతను దారికి రాకపోతే ఫారం ‘ఎఫ్’తో కమిషనర్‌కు దరఖాస్తు చేయండి, గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. ఆలస్యానికి 12 శాతం వడ్డీ అంటే మీ మొత్తం మీద ఏడాదికి రూ.93,600 చొప్పున పెరుగుతుంది. కారణం లేకుండా ఎగ్గొడితే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా పడొచ్చు. ఈ మాట నెమ్మదిగా అతని చెవిన వేయండి. 7 లక్షలకు అటూఇటూగా కమిషనర్ ముందు కట్టడానికి ఒప్పుకుంటే నేనైతే తీసుకోమంటాను. వకీలు ఫీజు ‘వచ్చినదాంట్లో ఇంత శాతం’ అని ఒప్పుకోకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా వకీలును ఇస్తారు.

మిమ్మల్ని 2.10 లక్షల వైపు నెడుతున్నది ఆ లక్షన్నర అప్పేనని తెలుస్తూనే ఉంది. దానికి నెలకు మూడువేల వడ్డీ, నిజమే. కానీ ఆ భయంతో ఐదున్నర లక్షలు వదులుకుంటారా? బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి ఆ అప్పు తీర్చండి, వడ్డీ సగానికి దిగుతుంది. పనికి వెళ్లలేని రోజులకు పదిహేను రోజులకోసారి 3,750 ఇవ్వాల్సింది కూడా ఓనరే. అలా ఇచ్చింది చివరి మొత్తంలోంచి కోసుకుంటాడనుకోండి, అయినా ఇప్పుడు ఇల్లు గడుస్తుంది. అప్పులవాళ్లు పరిహారాన్ని జప్తు చేయించలేరు.

డబ్బు వచ్చాక అప్పు తీర్చి, ఆరునెలల ఖర్చు పొదుపు ఖాతాలో ఉంచి, 4.5 లక్షలు పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో ఇద్దరి పేర్లా వేయండి. 7.4 శాతం వడ్డీ లెక్కన నెలకు రూ.2,775 వస్తుంది. చీటీలు, కొత్త పాలసీలు వద్దు. వైకల్య ధ్రువపత్రం కోసం ప్రభుత్వం జరిపే సదరం పరీక్షకు కూడా వెళ్లండి. వైకల్యం 40 శాతం, ఆపైన తేలితే నెలకు 6,000 పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పైన చెప్పిన 44 శాతం సంపాదన నష్టానిది, సదరం కొలత వేరు, అది తక్కువ రావచ్చు.