క్రోషే క్లాసులకు ఫీజు ఎలా లెక్కేయాలి, మొదట ఏం నేర్పాలి?

ఇంట్లో క్రోషే (హుక్‌తో దారం అల్లే పని) క్లాసులు పెడదామంటున్నారు, ఫీజు ఎంత అని అడిగారు. దయచేసి పక్కవాళ్ల ఫీజు చూసి తగ్గించకండి. దారం, హుక్ ఖర్చు విడిగా రాసుకుని, క్లాసు గంటలతో పాటు నమూనా అల్లడానికి పట్టే టైమ్‌కి కూడా వెల కట్టి, నలుగురొచ్చినా గిట్టుబాటయ్యేలా చూసుకోండి. ఉదాహరణకు మీ శ్రమ విలువ 1,200 రూపాయలు అనుకుంటే నలుగురికి తలా 300, సామాన్లకు 150, మొత్తం 450. ఆరుగురికి మించి వద్దు, మొదటి రోజు ప్రతి ఒక్కరికీ దగ్గర కూర్చుని చూపించాల్సిందే.

నరసాపురం లేసులాంటి సన్న దారం అప్పుడే వద్దు. లేత రంగు మందపాటి కాటన్ దారం, 5 మి.మీ. హుక్ ఇస్తే కుట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ముందు గొలుసు కుట్టు, తర్వాత సింగిల్ క్రోషే అనే తేలిక కుట్టుతో చిన్న చదరపు కోస్టర్ (కప్పు కింద పెట్టేది). బొమ్మలు నేర్పమని అందరూ అడుగుతారు గానీ, గుండ్రంగా అల్లుతూ కుట్లు లెక్కపెట్టడం వచ్చాకే అవి మొదలుపెట్టండి.