కుంటాలకు ట్రైపాడ్ మోయాలా?

ప్రశ్న: వచ్చే ఆదివారం కుంటాల జలపాతానికి, ఆపై వారం రామప్ప గుడికి వెళ్తున్నాం. నా దగ్గర కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది. అన్ని మెట్లు దిగి ఎక్కాలి కదా, ట్రైపాడ్ (కెమెరా నిలిపే మూడుకాళ్ల స్టాండ్) తప్పదంటారా?

జవాబు: నీళ్లు ఎలా కనబడాలో ముందు తేల్చుకోండి. తుంపరలు గాల్లో ఆగినట్టు కావాలంటే షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) 1/1000 సెకను చాలు, ట్రైపాడ్ ఇంట్లోనే ఉంచండి. పాలధారలా కావాలంటే పావు నుంచి ఒక సెకను పడుతుంది, చేతిలో నిలవదు. అయితే మధ్యాహ్నపు ఎండలో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/16 (లెన్స్ రంధ్రం బాగా చిన్నది) పెట్టినా షట్టర్ 1/100 దగ్గరే ఆగుతుంది. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే, వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) లేకుండా ట్రైపాడ్ మోయడం దండగ. 6 స్టాపుల ఫిల్టర్ (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) బిగిస్తే అదే సుమారు 0.6 సెకను అవుతుంది. తెల్లవారుజామునో, మబ్బుల్లోనో వెళ్తే ఇంకా తేలిక.

మోసుకెళ్తే ట్రైపాడ్ కాళ్లు పారే నీళ్లలో పెట్టకండి. ప్రవాహానికి వణికి, బండలు కూడా మసకగా వస్తాయి. కాళ్లలో లావు గొట్టాలే ముందు సాగదీయండి, మధ్య కడ్డీ ఎత్తకండి. లెన్స్‌లో స్టెబిలైజర్ (చేతి వణుకు సరిచేసేది) ఆపి, 2 సెకన్ల టైమర్ పెట్టండి.

రామప్ప సంగతి వేరు. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. కారులోనే వదిలేయండి. మండపం నీడలో ఐఎస్‌ఓ 1600 పెట్టి, మోచేతులు ఒంటికి ఆనించి తీయండి.